పేరు లేని మందు

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఫోనుకు ఫొటో పంపాడు. నేను బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కాఫీ తాగుతున్నాను. ఫొటోలో ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని పక్కన తెల్ల కాగితం, కాగితం మీద చెంచాడు బూడిదరంగు గింజలు. ఆవాలలో సగం కూడా ఉండవు. కొన్ని గుండ్రంగా ఉన్నాయి, కొన్ని అణిగి అప్పడాల్లా ఉన్నాయి. కింద ఒక వాక్యం: "మామయ్యా, మీరు ముప్పయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పారు కదా, ఇది ఏ మందో చూసి చెప్పండి."

మావాడు వారాంతాల్లో రైఫిల్ పోటీలకు వెళ్తాడు. కాల్చిన ఇత్తడి కేసులను ఏరి తెచ్చుకుని, మందును అంటించే ప్రైమరు కొత్తది బిగించి, మందు తూచి పోసి, గుండు అమర్చి మళ్లీ తూటా చేసుకుంటాడు. అక్కడ దాన్ని రీలోడింగ్ అంటారు, చట్టం ఒప్పుకుంటుంది. ఇక్కడ సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. నేను గుంటూరులో ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఉన్నప్పుడు .22 రైఫిల్‌తో కాల్చినవి పిడికెడు తూటాలు. కాల్చడం అయ్యాక బోర్లా పడుకున్న చోటే గడ్డిలో వెతికి ఖాళీ కేసులన్నీ ఏరి, లెక్కపెట్టి హవల్దారు గారి చేతిలో పోసేవాళ్లం. ఒక్కటి తగ్గినా ఎవరినీ కదలనిచ్చేవారు కారు. ఆ ఖాళీ కేసు మళ్లీ తూటా కాగలదని అప్పుడు నాకు తెలియదు.

డబ్బా కథ ఇది. ఎవరో పెద్దాయన చనిపోతే ఆయన గ్యారేజీలోని సామాను అమ్మేశారు. అందులో ఈ 8 పౌండ్ల డబ్బా ఉంది. లేబులు లేదు. మూత మీద చేతిరాతతో "మిలిటరీ రైఫిల్" అన్న రెండు మాటలు మాత్రం ఉన్నాయి. కొత్త మందు ధరలో పావు వంతుకు ఇచ్చారు. 8 పౌండ్లంటే వెయ్యికి పైగా తూటాలకు సరిపోతుంది. మావాడికి ఆశ పుట్టింది. అలా పుట్టడం తప్పని నేను అనను. కానీ అతను అడిగిన ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. ఆ పొరపాటు అతనొక్కడిదే కాదు కాబట్టి ఇంత రాస్తున్నాను.

మన భాషలో మందు అనే మాట ఒక్కటే. జ్వరానికి వేసుకునేదీ మందే, మిరప చేనుకు కొట్టేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. మూడింటికీ ఒకే పేరు పెట్టిన మన పెద్దలు మూడింటి విషయంలో ఒకే జాగ్రత్త పాటించారు. సీసా మీద చీటీ పోతే ఆ మందు ఎవరికీ వేసేవారు కారు. మా నాన్నగారు పురుగుమందు డబ్బా లేబులు చిరిగితే దాన్ని చేలో గొయ్యి తీసి పాతిపెట్టేవారు. లోపల మిగిలింది ఖరీదైనదే అయినా సరే. (పాతిపెట్టడం మంచి పద్ధతి కాదని ఇప్పుడు తెలుసు. వాడకపోవడం మాత్రం మంచి పద్ధతే.)

చూసి చెప్పడం ఎందుకు కుదరదో చెప్పాలంటే ఆ గింజ లోపలికి వెళ్లాలి.

ఇప్పటి తుపాకి మందు దీపావళి మందు కాదు. గంధకం, బొగ్గు, సురేకారం కలిపిన పాత నల్లమందుకు దీనితో సంబంధం లేదు. 1884లో పాల్ వియెల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త నైట్రోసెల్యులోజ్‌ను జిగురుగా కరిగించి, పలుచని రేకులుగా చేసి, తరిగి పొగ లేని మందు తయారు చేశాడు. మూలపదార్థం దూది లాంటి సెల్యులోజే, దాన్ని నత్రికామ్లంతో మార్చారు. తర్వాత నోబెల్ నైట్రోగ్లిజరిన్ కలిపి బాలిస్టైట్ చేశాడు. బ్రిటిష్ వాళ్లు 1889లో కార్డైట్ తెచ్చారు. దాని మొదటి రకంలో 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 పాళ్లు గన్‌కాటన్ (అదీ నైట్రోసెల్యులోజే), 5 పాళ్లు వాజలీన్. మన నీలగిరుల్లో అరువంకాడు దగ్గర కార్డైట్ కర్మాగారం ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వెలిసింది. పాత .303 తూటా విప్పితే సేమ్యా పుల్లల్లా కట్టగట్టిన కార్డైట్ కనిపిస్తుంది. చూసి పేరు చెప్పగల మందు నాకు తెలిసినంతలో అదొక్కటే.

మిగిలినవన్నీ మూడు నాలుగు ఆకారాల్లోనే ఉంటాయి. సన్న గొట్టాన్ని ముక్కలుగా తరిగినట్టుండే కడ్డీ మందు, పలుచని రేకు మందు, గుండ్రని బంతి మందు, ఆ బంతినే రోలర్ల మధ్య అణచిన రకం. ఈ ఆకారాల్లోనే వంద రకాలున్నాయి. 4895, 4350, 4831 అనే అంకెలే పేర్లుగా అమ్మే మూడు మందులూ బూడిదరంగు కడ్డీలే. పక్కపక్కనే పోసి మావాడిని చెప్పమంటే చెప్పలేడు, నేనూ చెప్పలేను. కానీ మూడూ మండే వేగాలు వేరు.

ఆ బూడిదరంగు మందు రంగు అని చాలామంది అనుకుంటారు. అది గ్రాఫైట్, పెన్సిల్ ముల్లులో ఉండేదే. స్థిరవిద్యుత్తు పుట్టకుండా, గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా జారేలా చివర్లో పూస్తారు. రంగు చూసి మందు పేరు చెప్పడమంటే కుంకుమ బొట్టు చూసి మనిషి ఇంటిపేరు చెప్పడమే. ఆ గ్రాఫైట్ కింద అసలు సంగతి ఉంది. గింజ పైపొరలో మంటను నెమ్మదింపజేసే పదార్థం ఇంకిస్తారు. అది ఎంత ఇంకింది, ఎంత లోతుకు ఇంకింది అన్నదాని మీద మండే వేగం చాలావరకు ఆధారపడుతుంది. రెండు బంతి మందులు ఒకే పరిమాణంలో, ఒకే రంగులో, దాదాపు ఒకే సాంద్రతతో ఉండి, ఆ పైపొర తేడా వల్ల ఒకటి పెద్ద రైఫిల్‌కు, ఇంకొకటి కార్బైన్ అనే చిన్న తుపాకికి పనికొస్తాయి. డబ్ల్యుసి 846 అమెరికా సైన్యం 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ తూటాలలో వాడిన బంతి మందు. డబ్ల్యుసి 820 కూడా బంతి మందే, .30 కార్బైన్‌లో వాడారు. రెండోది చాలా వేగంగా మండుతుంది. మొదటిది అనుకుని రెండోదాన్ని రైఫిల్ కేసు నిండా పోస్తే తుపాకి పగులుతుంది. రెండూ మిలిటరీవే, రెండూ మూత మీద "మిలిటరీ రైఫిల్" అని రాయించుకోగలవే.

మావాడు ఊరుకోలేదు. "తెలిసిన మందూ ఇదీ కొంచెం కొంచెం ఆరుబయట కాల్చి చూస్తే తేడా తెలియదా?" అని అడిగాడు. తెలివైన ప్రశ్న. దీనికి జవాబు కూడా ఆ వియెల్ దగ్గరే ఉంది. మందు మండే వేగం చుట్టూ ఉన్న పీడనంతో పాటు పెరుగుతుందని సూత్రం కట్టింది ఆయనే. ఆరుబయట పళ్లెంలో కాల్చితే పొగలేని మందు ఏదైనా పసుపుపచ్చని మంటతో బుస్సుమని తీరుబడిగా కాలుతుంది. .308 అనే రైఫిల్ తూటా పేలినప్పుడు ఛాంబరులో, అంటే తుపాకిలో తూటా కూర్చునే గదిలో, పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల వరకు అనుమతిస్తారు. మన కారు టైరులో ఉండేది ముప్పయి పైచిలుకు. పళ్లెంలో కవలల్లా కాలిన రెండు మందులు అక్కడ ఒకదానితో ఒకటి పోలికే లేకుండా ప్రవర్తిస్తాయి. అందుకే కర్మాగారాల్లో గట్టి ఉక్కు పాత్రలో మూసి కాల్చి, పీడనం ఎలా పెరిగిందో గీత గీసి చూస్తారు. అది గ్యారేజీలో చేసే పని కాదు.

చూడటం పూర్తిగా దండగ అని నేను అనడం లేదు. కన్నూ ముక్కూ ఒక పనికి బాగా పనికొస్తాయి, వద్దని చెప్పడానికి. డబ్బా మూత తీయగానే ఘాటైన ఆమ్లం వాసన వచ్చినా, ఎర్రటి ఆవిరి కనిపించినా, గింజల మీద ఇటుకపొడి లాంటి దుమ్ము ఉన్నా, లోహపు డబ్బా లోపలివైపు తుప్పు పట్టినా ఆ మందు కుళ్లిపోతోందని అర్థం. నైట్రోసెల్యులోజ్ తనంతట తానే విడిపోతుంది. అప్పుడు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ విడిపోవడాన్ని ఇంకా తొందరపెడతాయి. వాటిని పట్టి ఉంచడానికి డైఫినైలమీన్ లాంటి స్థిరకారి కలుపుతారు. అది అయిపోయాక ఆపేవారుండరు. వేడి ఆ రోజును ముందుకు జరుపుతుంది. మన మే నెల ఎండలో, రేకుల షెడ్డులో నాలుగు వేసవులు గడిపిన డబ్బాకూ చల్లని గదిలో గడిపిన డబ్బాకూ వయసు ఒకటే అయినా ఆయువు ఒకటి కాదు. టెక్సాస్ గ్యారేజీ మన షెడ్డుకేమీ తీసిపోదు.

ఇది పుస్తకాల భయం కాదు. ఫ్రెంచి యుద్ధనౌక ఇయేనా 1907లో తూలోన్ రేవులో పేలిపోయింది. వంద మందికి పైగా నావికులు చనిపోయారు. 1911లో అదే రేవులో లిబెర్టే పేలి అంతకన్నా ఎక్కువ మందిని బలి తీసుకుంది. రెండుచోట్లా కారణంగా ఎక్కువమంది చెప్పేది పాడైన తుపాకి మందే, వియెల్ కనిపెట్టిన ఆ మందే. దగ్గరి కాలంలో 2012 అక్టోబరులో అమెరికాలో లూసియానా రాష్ట్రం మిండెన్ దగ్గర ఒక నిల్వ పేలింది. ఆ విచారణలో సైన్యం వదిలించుకున్న ఫిరంగి మందు దాదాపు కోటిన్నర పౌండ్లు అక్కడ తగిన జాగ్రత్త లేకుండా గుట్టలుగా పడి ఉందని బయటపడింది. దాన్నంతా మూసిన కొలిమిలో కాల్చి వదిలించుకోవడానికి ఏళ్లు పట్టింది. మిగులు మందు అంటే చౌక మందు అని మాత్రమే వినేవాళ్లకు ఈ రెండో అర్థం కూడా చెవిన పడాలి.

కుళ్లిన వాసన వస్తే వద్దని తెలుస్తుంది, సరే. వాసన రాకపోతే? బాగుందని తెలుస్తుంది, అది కూడా అంతంతమాత్రంగా. ఏమిటో మాత్రం తెలియదు.

మా వైపు మిర్చి యార్డులో అనుభవమున్న వ్యాపారి బస్తాలోంచి కాయ తీసి తొడిమ దగ్గర విరిచి, గింజ రాల్చి, ముక్కు దగ్గర పెట్టుకుని ఇది తేజా, ఇది 334 అని చెప్పేస్తాడు. నేను కళ్లారా చూశాను, తప్పు పట్టలేం. ఆయనకు తెలిసిన రకాలు పదో పాతికో. అవి ఎక్కడినుంచి వచ్చాయో, ఏ మండలం రైతు తెచ్చాడో కూడా ఆయనకు తెలుసు. అంత తెలిసినా ఎగుమతికి కారం అంకె కావాలంటే ఆయన నాలుక చాలదు. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది, శాంపిలు అక్కడికి వెళ్తుంది. కారం కొంచెం అటూ ఇటూ అయితే కూర చెడుతుంది. మందు అటూ ఇటూ అయితే చెడేది కూర కాదు.

విత్తనాల సంగతి ఇంకా దగ్గర పోలిక. ఒక ఏడాది మా నాన్నగారు తెలిసినవాళ్లు ఇచ్చారని ప్యాకెట్టు లేని మిరప విత్తనం విడిగా కొన్నారు. నారు బాగా వచ్చింది. మొక్క నడుమెత్తు పెరిగింది. పూత రాలేదు. అడగడానికి వెళ్తే దుకాణంవాడు అడిగిన మొదటి మాట, "లాట్ నంబరు ఏది?" విత్తనం తన ఎదురుగానే ఉంది, పేరు తనే చెప్పి అమ్మాడు. అయినా ఏ విడతలో తయారైందో చెప్పే ఆ అంకె లేకపోతే ఆ విత్తనానికి ఊరూ పేరూ లేవు. బంగారు పసుపు చీటీ బ్రీడరు విత్తనానికి, తెల్లది ఫౌండేషన్‌కు, నీలం ధ్రువీకరించిన విత్తనానికి అని రైతుకు నేర్పేది అందుకే. చేతిలో ఉన్న గింజను చూసి నమ్మరు. దాని వెనక ఉన్న కాగితాన్ని చూసి నమ్ముతారు.

మందు విషయంలో లాట్ నంబరు ఇంకా ముఖ్యం. మావాడికి ఇదే నచ్చజెప్పడం కష్టమైంది. "పోనీ మామయ్యా, ఇది 846 అని ఎవరైనా ఒట్టేసి చెప్పారనుకోండి, అప్పుడైనా వాడొచ్చుగా?" అన్నాడు. అప్పుడు కూడా పుస్తకంలో ఉన్న కొలత చూసి వాడటానికి వీల్లేదు. దుకాణంలో చిన్న డబ్బాల్లో అమ్మే మందును తయారీదారులు లాట్లు కలిపి, పరీక్షించి, ఏ డబ్బా అయినా దాదాపు ఒకేలా ప్రవర్తించేట్టు చూస్తారు. సైన్యానికి వెళ్లే మందు అలా కాదు. అక్కడ తూటాకు కావలసిన వేగమూ పీడనమూ నిర్ణయించి ఉంటాయి. వచ్చిన ప్రతి లాటునూ పరీక్షించి, ఆ వేగం అందేలా ఎంత మందు పోయాలో ఆ లాటుకే లెక్కగడతారు. ఈ లాటుకు ఇంత, పై లాటుకు ఇంకొంత. అందులోనూ పాత తూటాలు విప్పి తీసిన మందైతే ఎన్ని లాట్లు కలిసిపోయాయో దేవుడికెరుక.

పేరు తెలిసినా, పరీక్షశాలలున్నా, సైన్యమే దెబ్బతిన్న సందర్భం ఉంది. వియత్నాం యుద్ధంలో ఎం16 రైఫిళ్లు కీలక సమయాల్లో మొరాయించాయి. ఆ రైఫిల్‌ను మొదట కడ్డీ మందుతో పరీక్షించారు, తర్వాత 1964లో తూటాల్లో డబ్ల్యుసి 846 బంతి మందు వాడటానికి అనుమతించారు. కాల్పుల వేగం పెరిగింది, లోపల మడ్డి పేరుకుంది. బంతి మందు తయారీలో ఆమ్లాన్ని విరచడానికి వాడే కాల్షియం కార్బొనేట్ ఎక్కువగా ఉండటం కూడా ఆ మడ్డికి ఒక కారణమని తేలింది. సుద్దముక్కలో ఉండే పదార్థం అది. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారించింది. ఛాంబరుకు క్రోము పూత లేకపోవడం, శుభ్రం చేసుకునే సామగ్రి ఇవ్వకపోవడం కూడా కారణాలే, నింద అంతా మందు మీద వేయను. తర్వాత ఆ రైఫిల్‌కు సరిపోయే లాట్లను వేరు చేసి డబ్ల్యుసి 844 అని మరో పేరు పెట్టారు. ఒకే పేరు కింద ఉన్న మందులో ఇంత తేడా ఉంటే, ఏ పేరూ లేనిదాని సంగతి చెప్పేదేముంది.

మావాడి వాదనలో బలమైన ముక్క ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అసలు అమెరికాలో ఈ అలవాటు ఇంతగా పెరిగిందే మిగులు మందు వల్ల అన్నాడు. నిజమే. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన ప్రభుత్వం దగ్గర మిగిలిన 4895 మందును పెద్ద మొత్తంలో కొని అమ్మాడు. ఆ వ్యాపారమే తర్వాత పెద్ద కంపెనీ అయింది. 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన మందు కూడా అలాగే వచ్చి 4831 పేరుతో వేల మంది వేటగాళ్ల తూటాల్లోకి చేరింది. ఎంతోమంది దాన్ని వాడి క్షేమంగా ఇంటికి వెళ్లారు. కానీ ఆ మందు ఎక్కడిదో తెలుసు, ఎందుకు చేసిందో తెలుసు, పెద్ద మొత్తంలో ఒకే రకంగా ఉంది, కొలతలు పరీక్షించి ప్రకటించారు. మిగులు మందు మీద నాకు పగ లేదు. నా పేచీ పేరు పోగొట్టుకున్న మందుతో.

చివరికి అతను అన్నది, అందరూ అనేదే: "తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతాను." దేనికంటే తక్కువ? పైహద్దు తెలిసినవాడికే కిందిహద్దు తెలుస్తుంది. పైగా తక్కువ పోస్తే ఎప్పుడూ క్షేమం అన్నది నిజం కాదు. హెచ్110 అనే బంతి మందును పుస్తకంలో ఇచ్చిన కొలతకు నూటికి మూడు పాళ్లకు మించి తగ్గించవద్దని తయారీదారే హెచ్చరిస్తాడు. మరీ తక్కువైతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, అది గమనించకుండా ఇంకొకటి కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. ఈ పనిలో తూకం గ్రెయిన్లలో ఉంటుంది. పౌండుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి తూచే గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు. గురివింద ఎత్తు తేడాకే పీడనం మారిపోయే చోట, ఏమి తూస్తున్నామో తెలియకుండా ఎంత తూచామో చూసుకుని ఏం లాభం?

నేను కాలేజీలో చేరిన కొత్తలో మా ప్రయోగశాలలో ఒక అటెండరు ఉండేవాడు. ఆమ్లం సీసా ఎత్తినప్పుడు ఎప్పుడూ లేబులు తన అరచేతి వైపు వచ్చేలా పట్టుకునేవాడు. వంచి పోశాక అంచు నుంచి కారే చుక్క సీసాకు అవతలివైపు జారుతుంది, లేబులు మీద పడదు. ఏటా వేసవి సెలవుల ముందు ఒక ఇనుప గరిటెలో మైనం కరిగించి, పాత కుంచెతో ప్రతి లేబులు మీదా పలుచగా పూసేవాడు. మైనం చల్లారాక గోటితో గీకి చూసి, గీత పడితే మళ్లీ పూసేవాడు. ఒకసారి అల్మరా వెనక పొడి ఉన్న సీసా ఒకటి దొరికింది. చీటీని వెండిపురుగులు తినేశాయి. నేను కొత్త ఉత్సాహంలో రెండు పరీక్షలు చేసి పేరు చెప్పబోయాను. ఆయన నా మాట విని, సీసా తీసుకుని, "ఇందులో ఏముందో మీరు చెప్పగలరేమో సార్, ఇంకేమి లేదో చెప్పగలరా?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. సీసా పారబోసే గంపలోకి వెళ్లింది.

ఆ ప్రశ్ననే మావాడికి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేశాడు. అమ్మినవాళ్లను లాట్ నంబరు అడిగాడట, పెద్దాయన రాసుకున్న నోటు పుస్తకం ఏదైనా ఉందా అని కూడా అడిగాడట. ఏమీ లేదన్నారు. తిరిగి ఇచ్చేస్తే వాళ్లు ఇంకొకరికి అమ్ముతారు కాబట్టి తిరిగి ఇవ్వవద్దన్నాను. చెత్తబుట్టలో వేయవద్దన్నాను. ఊళ్లో అగ్నిమాపక శాఖ వాళ్లను అడిగితే ఎలా అప్పగించాలో చెబుతారు, అంతవరకు డబ్బాను గ్యారేజీ వేడిలోంచి తీసి నీడన పెట్టమన్నాను. మూత మీద పెద్ద అక్షరాలతో "తెలియదు, వాడవద్దు" అని రాయమన్నాను. "తెలుగులోనా?" అని అడిగాడు. రెండు భాషల్లోనూ రాయమన్నాను, ఇంట్లో మా అక్క కూడా ఉంది.

శనివారం అగ్నిమాపక శాఖకు ఫోన్ చేస్తానన్నాడు. ఏ శనివారం అని అడిగాను.